ఆదాయం ఎక్కువగా ఉన్న కుటుంబాలు అమెరికా కాలేజీల ఆర్థిక సహాయానికి తమ అర్హతను ఎలా తేల్చుకోవాలి

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తూ ఏడాదికి 2 లక్షల డాలర్లకు మించి సంపాదిస్తున్నవారిలో చాలామంది, పిల్లలు పన్నెండో తరగతికి వచ్చేసరికి "మన ఆదాయానికి ఎయిడ్ రాదు" అని నిశ్చయించుకుని దరఖాస్తు కూడా పెట్టరు. మరికొందరు ఫలానా విశ్వవిద్యాలయంలో 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్నవారికి ట్యూషన్ ఉచితమన్న వార్త చదివి, అది తమకు తప్పక వర్తిస్తుందని నమ్మి, వేరే ఏర్పాట్లేవీ చేసుకోరు. ఇద్దరూ నష్టపోయేది ఒకే కారణం వల్ల. ఈ అర్హతను తేల్చే ఆదాయ పరిమితి దేశమంతటికీ ఒక్కటి లేదు. ఒకే కుటుంబానికి, ఒకే ఏడాదిలో, ఒక కాలేజీ 30 వేల డాలర్లు ఇవ్వవచ్చు. మరో కాలేజీ ఒక్క డాలరు కూడా ఇవ్వకపోవచ్చు. అందువల్ల ప్రతి కాలేజీకీ విడివిడిగా లెక్క వేసుకోవాలి, అదీ కాలేజీల జాబితా ఖరారు కాకముందే వేసుకోవాలి. ఆ లెక్క ఎలా వేయాలో వరుసగా చూద్దాం.

1. మూడు రకాల డబ్బును వేరు చేసి చూడండి

కాలేజీకి వచ్చే సహాయంలో మొదటిది కుటుంబ అవసరాన్ని బట్టి ఇచ్చే గ్రాంటు. దీన్ని తిరిగి కట్టనక్కరలేదు. రెండవది మెరిట్ స్కాలర్‌షిప్. ఇది విద్యార్థి మార్కులు, ప్రతిభ చూసి ఇచ్చేది కాబట్టి తల్లిదండ్రుల జీతంతో సాధారణంగా సంబంధం ఉండదు. మూడవది అప్పు. ఫెడరల్ ప్రభుత్వం విద్యార్థి పేరు మీద ఇచ్చే అన్‌సబ్సిడైజ్డ్ (చదువుతుండగానే వడ్డీ పడే) రుణానికి ఆదాయ పరిమితి లేదు. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, ఆ తరువాత ఏడాదికి 7,500 డాలర్ల చొప్పున, మొత్తం 31 వేల డాలర్లకు మించకుండా ఇది దొరుకుతుంది. పేదరికాన్ని బట్టి ఇచ్చే పెల్ గ్రాంటును ఈ ఆదాయంలో ఉన్నవారు లెక్కలోకి తీసుకోవద్దు. అలాగే ఏడాదికి 2,500 డాలర్ల వరకు పన్ను తగ్గించే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ కూడా, ఉమ్మడిగా పన్ను దాఖలు చేసే దంపతుల ఆదాయం 1 లక్షా 80 వేల డాలర్లు దాటితే పూర్తిగా పోతుంది.

2. ఏ సంవత్సరం ఆదాయం చూస్తారో ముందే గుర్తించండి

ఎక్కువమందికి ఆలస్యంగా తెలిసే విషయం ఇదే. ఫెడరల్ దరఖాస్తు అయిన ఫాఫ్సా రెండేళ్ల వెనకటి పన్ను వివరాలను తీసుకుంటుంది. 2027 ఆగస్టులో కాలేజీలో చేరే విద్యార్థికి 2025 ఆదాయమే ఆధారం. అంటే పదో తరగతి రెండో సగం నుంచి పదకొండో తరగతి మొదటి సగం వరకు ఇంటికి వచ్చిన ప్రతి డాలరూ మొదటి ఏడాది సహాయాన్ని నిర్ణయిస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవారికి దీని ప్రభావం ఎక్కువ. ఆ ఏడాది వెస్ట్ అయిన, అంటే పూర్తిగా మీ సొంతమైన కంపెనీ షేర్లు, ఏడాది జీతం వివరాలు చూపే డబ్ల్యూ-2 పత్రంలో జీతంగానే కనిపిస్తాయి. పాత షేర్లు అమ్మితే వచ్చిన లాభం, ఇండియాలో స్థలం అమ్మిన లాభం, ఐఆర్ఏ అనే పాత పదవీ విరమణ ఖాతాను రాత్ రకం ఖాతాగా మార్చిన మొత్తం, ఇవన్నీ కూడా ఆదాయంలో చేరతాయి. మీ పిల్లలు తొమ్మిదో తరగతిలో ఉన్నట్లయితే, ఎలాగూ చేయదలచుకున్న అమ్మకాలను ఆ డిసెంబరులోగా, లేదా కనీసం పదో తరగతిలో వచ్చే డిసెంబరులోగా పూర్తి చేయడం చట్టబద్ధమైన, ఖర్చులేని జాగ్రత్త. డిగ్రీ నాలుగేళ్లకూ ఈ లెక్క ఏటా మళ్లీ జరుగుతుంది కాబట్టి, ఆ అమ్మకాన్ని తరువాతి సంవత్సరాలకు వాయిదా వేసినంత మాత్రాన తప్పించుకున్నట్లు కాదు.

3. ఫాఫ్సా లెక్కనూ సీఎస్ఎస్ ప్రొఫైల్ లెక్కనూ విడిగా అర్థం చేసుకోండి

ఫాఫ్సా నుంచి వచ్చే సంఖ్యను స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ అంటారు. 2024-25 నుంచి అమలులోకి వచ్చిన ఈ పద్ధతిలో, తల్లిదండ్రుల ఆదాయం నుంచి ఫెడరల్ పన్ను, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు, కుటుంబ పోషణ కోసం నిర్ణయించిన కొంత మొత్తం తీసివేసి, మిగిలినదానిపై 22 నుంచి 47 శాతం వరకు మీరు కట్టగలరని లెక్కిస్తారు. ఇంతకుముందు రాష్ట్ర పన్నుకు కూడా మినహాయింపు ఉండేది, కొత్త పద్ధతిలో దాన్ని తీసేశారు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి పన్నులు ఎక్కువ ఉన్న రాష్ట్రాల వారికి ఇది భారమే. ఇంకొక పెద్ద మార్పు కూడా జరిగింది. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే కుటుంబం కట్టాల్సిన మొత్తాన్ని ఇద్దరికీ పంచే పాత వెసులుబాటును ఫాఫ్సా నుంచి తొలగించారు.

ఆస్తుల విషయంలో ఫాఫ్సా కొంత ఉదారంగా ఉంటుంది. మీరు నివసించే ఇంటి విలువను, 401కె, ఐఆర్ఏ వంటి పదవీ విరమణ ఖాతాల్లో ఉన్న నిల్వను అది అడగదు. బ్యాంకు నిల్వలు, షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, అద్దెకిచ్చిన ఇళ్లు, ఈ విద్యార్థి కోసం పెట్టిన 529 ఖాతా (చదువు ఖర్చు కోసం పొదుపు చేసే ఖాతా) మాత్రం లెక్కలోకి వస్తాయి. తల్లిదండ్రుల ఆస్తిపై గరిష్ఠంగా 5.64 శాతం, విద్యార్థి పేరు మీద ఉన్న ఆస్తిపై 20 శాతం చొప్పున లెక్క కడతారు. 2 లక్షల డాలర్ల పొదుపు తల్లిదండ్రుల పేరున ఉంటే దాని వల్ల ఏడాదికి 11,280 డాలర్లు మీ వాటాలో కలుస్తాయి. అదే సొమ్ము యూటీఎంఏ అనే మైనర్ల ఖాతాలో పిల్లవాడి పేరున ఉంటే 40 వేల డాలర్లు కలుస్తాయి. పిల్లల పేరు మీద డబ్బు వేయడం మన ఇళ్లలో మంచి అలవాటుగా భావిస్తారు గాని, కాలేజీ ఖర్చు కోసమైతే 529 ఖాతాయే మేలు. అది విద్యార్థి పేరున ఉన్నా తల్లిదండ్రుల ఆస్తిగానే పరిగణిస్తారు.

సీటు దొరకడం కష్టమైన ప్రైవేటు కాలేజీలు చాలావరకు, వర్జీనియా, నార్త్ కరోలినా, మిషిగన్ వంటి కొన్ని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, ఫాఫ్సాతో పాటు కాలేజీ బోర్డు నిర్వహించే సీఎస్ఎస్ ప్రొఫైల్‌ను కూడా అడుగుతాయి. దీనిలో ఇంటి విలువ, మిగిలి ఉన్న అప్పు, వ్యాపారం, పదవీ విరమణ ఖాతాలు అన్నీ రాయాలి. జీతంలో నుంచి 401కెకు మళ్లించిన మొత్తాన్ని కూడా తిరిగి ఆదాయంలో కలుపుతారు. విడిపోయిన తల్లిదండ్రులు ఇద్దరి వివరాలనూ చాలా కాలేజీలు అడుగుతాయి. వినడానికి ఇది కఠినంగా అనిపించినా, ఆదాయం ఎక్కువ ఉన్న కుటుంబానికి అసలు అవకాశం ఇక్కడే ఉంది. ఇద్దరు పిల్లలు ఒకేసారి చదువుతున్న సంగతిని ఈ కాలేజీల్లో చాలా భాగం ఇప్పటికీ పరిగణిస్తాయి, పైగా ఫెడరల్ సొమ్ముతో పోలిస్తే చాలా పెద్ద గ్రాంట్లను తమ సొంత నిధుల నుంచి ఇస్తాయి.

4. ఇండియాలో ఉన్న ఆస్తులను దాచకుండా, సరిగ్గా రాయండి

ఫాఫ్సాలో అయినా సీఎస్ఎస్‌లో అయినా ఆస్తి ఏ దేశంలో ఉందన్నది ముఖ్యం కాదు. కొండాపూర్‌లో అద్దెకిచ్చిన ఫ్లాటు, గుంటూరు దగ్గర మీ పేరు మీద ఉన్న స్థలం, ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఫిక్స్‌డ్ డిపాజిట్లు, అక్కడి మ్యూచువల్ ఫండ్లు అన్నీ పెట్టుబడులే. దరఖాస్తుపై సంతకం చేసే రోజున వాటి మార్కెట్ విలువ నుంచి, వాటి మీద ఉన్న అప్పు తీసివేసి, మిగిలినదాన్ని డాలర్లలో రాయాలి. అన్నదమ్ములతో ఉమ్మడిగా ఉన్న ఆస్తి అయితే మీ వాటా మేరకు రాస్తే చాలు. నాన్నగారి పేరు మీదే ఇంకా ఉన్న పొలం మీకు భవిష్యత్తులో రావచ్చు గాని, ఈ రోజు అది మీ ఆస్తి కాదు. ఒంటి మీద వేసుకునే నగలు సొంత సామానుల కింద పోతాయి. పెట్టుబడిగా కొన్న బంగారు బిస్కెట్లు, నాణేలు పెట్టుబడిగానే చూపాలి.

ఎవరికీ తెలియదులే అన్న ధీమాతో వీటిని వదిలేయమని సలహా ఇచ్చేవారి మాట వినకండి. విదేశీ ఖాతాల మొత్తం 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ పేరుతో అమెరికా ప్రభుత్వానికి ఇప్పటికే మీరు తెలియజేయాలి. అక్కడ ఒకటి, ఇక్కడ ఇంకొకటి రాస్తే మీ సంతకమే మీకు వ్యతిరేక సాక్ష్యం అవుతుంది. ఫాఫ్సాలో తెలిసి తప్పు సమాచారం ఇస్తే 20 వేల డాలర్ల వరకు జరిమానా, జైలు శిక్ష ఉన్నాయి. వీటన్నిటికీ మించి, ఆ సంతకం పక్కన ఉండేది మీ బిడ్డ సంతకం.

అమ్మానాన్నలకు నెలనెలా పంపే డబ్బును ఫాఫ్సా పట్టించుకోదు. వారు మీతోనే ఉంటూ, మీ పన్ను రిటర్నులో ఆధారితులుగా ఉంటే కుటుంబ సభ్యుల సంఖ్యలో చేరతారు. సీఎస్ఎస్ ప్రొఫైల్‌లో మాత్రం ప్రత్యేక పరిస్థితులు వివరించడానికి చోటు ఉంటుంది. అక్కడ తల్లిదండ్రుల వైద్య ఖర్చు, మీరు పంపిన సొమ్ము, దానికి బ్యాంకు రుజువులు ఉన్నాయన్న సంగతి క్లుప్తంగా రాయండి. పరిగణించాలా వద్దా అన్నది ఆ కాలేజీ ఇష్టం, అయినా రాయనిది ఎవరూ పరిగణించలేరు.

5. ప్రతి కాలేజీ నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో మీ అంకెలు వేసి చూడండి

ఫెడరల్ సహాయం తీసుకునే ప్రతి కాలేజీ తన వెబ్‌సైటులో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంచాలని చట్టం చెబుతోంది. మీ గైడెన్స్ కౌన్సిలర్‌తో మాట్లాడడానికి ముందే, పదకొండో తరగతి వేసవిలో, పన్ను రిటర్ను, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి అప్పు వివరాలు ముందు పెట్టుకుని ఈ పని చేయండి. ఉజ్జాయింపు అంకెలు వేస్తే ఉజ్జాయింపు జవాబే వస్తుంది. ఇల్లు, ఆస్తులు, ఎంతమంది పిల్లలు కాలేజీలో ఉన్నారన్న ప్రశ్నలు అడిగే కాలిక్యులేటర్‌ను నమ్మవచ్చు. నాలుగైదు ప్రశ్నలతో తేల్చేసేదాన్ని అంతగా నమ్మకండి. వ్యాపారం ఉన్నవారికి, అద్దె ఇళ్లు ఉన్నవారికి, విడాకులు తీసుకున్నవారికి ఏ కాలిక్యులేటరూ కచ్చితంగా చెప్పలేదు. వారు నేరుగా ఆ కాలేజీ ఎయిడ్ కార్యాలయానికి రాసి అడగాలి.

ఈ లెక్కలో ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. కాలేజీ మొత్తం ఖర్చు నుంచి మీరు కట్టగలరని వారు లెక్కించిన మొత్తం తీసివేస్తే వచ్చేదే మీ అవసరం. మీ వాటా 70 వేల డాలర్లని తేలిందనుకోండి. 32 వేల డాలర్లకు పూర్తయ్యే సొంత రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మీకు అవసరం సున్నా. ఏడాదికి 90 వేల డాలర్లు దాటిన ప్రైవేటు కాలేజీలో 20 వేల డాలర్ల అవసరం ఉన్నట్లు లెక్క. అయితే విద్యార్థి అవసరాన్ని నూటికి నూరు శాతం తీరుస్తామని ప్రకటించిన కాలేజీల్లోనే ఆ 20 వేలు మీ చేతికి వస్తాయి. మిగిలిన చోట్ల అది కాగితం మీదే మిగిలిపోతుంది. ఆ గ్రాంటు వచ్చిన తరువాత కూడా ప్రైవేటు కాలేజీకి మీరు 70 వేలు కడుతున్నారనీ, రాష్ట్ర విశ్వవిద్యాలయానికి 32 వేలే కడతారనీ మరచిపోకూడదు. గ్రాంటు ఎంత అన్నదాని కన్నా చేతి నుంచి పోయేది ఎంత అన్నదే చూసుకోండి.

ఇక ఉచిత ట్యూషన్ ప్రకటనల సంగతి. హార్వర్డ్, ఎంఐటీ, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2025-26 నుంచి 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం గల కుటుంబాలకు ట్యూషన్ ఉండదని ప్రకటించాయి. ప్రిన్స్‌టన్ 2 లక్షల 50 వేల డాలర్ల వరకు ఆదాయం ఉన్న చాలా కుటుంబాలకు ట్యూషన్ ఉండదని చెప్పింది. స్టాన్‌ఫర్డ్‌లో 2025-26లో ఈ హద్దు 1 లక్షా 50 వేల డాలర్లుగా ఉండేది. ఈ ప్రకటనలన్నిటిలోనూ ఆస్తులు ఆ ఆదాయానికి తగినట్లుగా ఉండాలన్న షరతు ఉంటుంది. 1 లక్షా 80 వేల ఆదాయంతో పాటు మూడు అద్దె ఇళ్లు ఉన్న కుటుంబానికి ఆ ప్రకటన వర్తించకపోవచ్చు. అలాగే 2 లక్షల హద్దు దాటగానే సహాయం ఒక్కసారిగా ఆగిపోదు. ఇద్దరు పిల్లలు ఒకేసారి చదువుతున్న కుటుంబానికి అంతకన్నా ఎక్కువ ఆదాయం మీద కూడా గ్రాంటు రావచ్చు. ట్యూషన్ పోయినా బస, భోజనాల ఖర్చు మిగిలే ఉంటుంది. హార్వర్డ్, ప్రిన్స్‌టన్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాలు నివసించే ఇంటి విలువను లెక్కలోకి తీసుకోవు. చాలా ఇతర కాలేజీలు తీసుకుంటాయి కాబట్టి, బే ఏరియాలో పదిహేనేళ్ల క్రితం ఇల్లు కొన్నవారికి ఒక కాలేజీకీ మరొక కాలేజీకీ తేడా ఏడాదికి వేలల్లో ఉంటుంది.

6. ఆ ఫలితాలను చూసి జాబితా తయారుచేయండి

నా అభిప్రాయంలో మొత్తం ప్రక్రియలో అన్నిటికన్నా విలువైన అడుగు ఇదే. దరఖాస్తు నింపే నేర్పుతో కొన్ని వందల డాలర్లు ఆదా కావచ్చు. సరైన జాబితాతో లక్ష డాలర్లు ఆదా అవుతాయి.

ఐవీ లీగ్ కాలేజీలు, ఎంఐటీ, మెరిట్ స్కాలర్‌షిప్‌లు ఇవ్వవు. అవసరం లేదని తేలిన కుటుంబం అక్కడ పూర్తి ధర కట్టాల్సిందే. అలాంటప్పుడు మెరిట్ ఇచ్చేవాటిని వెతకాలి. అలబామా విశ్వవిద్యాలయం వంటి చోట్ల జీపీఏ, శాట్ మార్కులను బట్టి ముందే ప్రకటించిన మొత్తాలు ఇస్తారు. ప్లానో, ఫ్రిస్కో ప్రాంతాల వారికి దగ్గరలో ఉన్న యూటీ డాలస్ (టెక్సస్ విశ్వవిద్యాలయం, డాలస్), పీశాట్ పరీక్ష ఆధారంగా ఎంపిక చేసే నేషనల్ మెరిట్ గుర్తింపు సాధించిన విద్యార్థులకు ప్రత్యేక స్కాలర్‌షిప్ ఇస్తుంది. జార్జియాలో హోప్, జెల్ మిల్లర్, ఫ్లోరిడాలో బ్రైట్ ఫ్యూచర్స్ అనే రాష్ట్ర ప్రభుత్వ మెరిట్ పథకాలకు ఆదాయ పరిమితి లేదు. జార్జియాలోని ఆల్ఫారెటా, కమింగ్‌లలో ఉన్న మనవారికి వీటి విలువ బాగా తెలుసు. పశ్చిమ రాష్ట్రాల్లో ఉన్నవారు వెస్టర్న్ అండర్‌గ్రాడ్యుయేట్ ఎక్స్‌చేంజ్ ద్వారా పొరుగు రాష్ట్రంలోని కాలేజీలో స్థానికులు కట్టే ట్యూషన్‌కు ఒకటిన్నర రెట్లు మించకుండా చదవవచ్చు. కాలిఫోర్నియా మిడిల్ క్లాస్ స్కాలర్‌షిప్ ఆదాయ హద్దు 2 లక్షల డాలర్లు దాటింది, కనుక అక్కడి వారు మార్చి 2 గడువు మరవకూడదు.

ఎర్లీ డెసిషన్ అంటే సీటు వస్తే చేరతామని ముందే మాట ఇవ్వడం. సహాయం చాలకపోతే విడుదల కోరవచ్చు గాని, వేర్వేరు కాలేజీల ఆఫర్లను పోల్చుకునే హక్కు పోతుంది. కాలిక్యులేటర్ చూపిన మొత్తం మీకు సమ్మతమైతేనే అటు వెళ్లండి.

7. దరఖాస్తులు సకాలంలో పెట్టండి

ఫాఫ్సా, సీఎస్ఎస్ రెండూ మామూలుగా అక్టోబరు 1న తెరుచుకుంటాయి. ఫాఫ్సాకు విద్యార్థి, తల్లి లేదా తండ్రి విడివిడిగా స్టూడెంట్ ఎయిడ్ ఖాతా తెరిచి, పన్ను వివరాలు ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్ను శాఖ) నుంచి నేరుగా తీసుకోవడానికి అంగీకారం తెలపాలి. ఆ అంగీకారం లేకపోతే ఫెడరల్ సహాయం ఉండదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లి లేదా తండ్రి కూడా ఖాతా తెరవవచ్చు. సీఎస్ఎస్‌కు మొదటి కాలేజీకి 25, ఆ తరువాత ఒక్కొక్కదానికి 16 డాలర్ల రుసుము ఉంటుంది. ఎర్లీ దరఖాస్తులకు గడువు నవంబరు మొదటి పక్షంలోనే ముగుస్తుంది. పన్ను రిటర్నులు, డబ్ల్యూ-2లు ఐడాక్ అనే విభాగంలో అప్‌లోడ్ చేయమంటారు, ముందే స్కాన్ చేసి ఉంచుకోండి.

అవసరం లేదని తేలినవారు కూడా ఫాఫ్సా ఒకసారి నింపాలనే నా సలహా. అన్‌సబ్సిడైజ్డ్ రుణానికి అది తప్పనిసరి, కొన్ని మెరిట్ స్కాలర్‌షిప్‌లకూ కావాలి, మధ్యలో ఉద్యోగం పోతే అడగడానికి ఆధారం ఉంటుంది. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ రుణాన్ని నమ్ముకున్నవారు ఒక మార్పు గమనించాలి: 2026 జులై నుంచి కొత్తగా తీసుకునేవారికి ఒక్కో విద్యార్థికి ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేల డాలర్లకు మించి ఇవ్వరు. పిల్లవాణ్ణి పన్ను రిటర్నులో ఆధారితుడిగా చూపకపోతే స్వతంత్ర విద్యార్థి అయిపోతాడన్నది అపోహ. 24 ఏళ్లు నిండడం, వివాహం కావడం వంటి నిర్ణీత కారణాలు ఉంటేనే ఆ హోదా వస్తుంది.

ఆస్తిని "కనబడకుండా" చేయడానికి యాన్యుటీ, జీవిత బీమా పాలసీ కొనమని సలహా ఇచ్చే ఏజెంట్లు ఈ సమయంలోనే తారసపడతారు. ఫాఫ్సా బీమా విలువను అడగదన్న మాట నిజమే. అయితే మీ ఆదాయం ఒక్కటే అవసరాన్ని సున్నా చేస్తున్నప్పుడు, ఆస్తిని ఎక్కడికి కదిపినా సహాయం పెరగదు. కమీషను, ముందుగా తీసుకుంటే పడే కోత మాత్రం మీ మీద పడతాయి. ముందు కాలిక్యులేటర్‌లో ఆస్తులను సున్నాగా వేసి చూడండి. ధర మారకపోతే ఆ పాలసీ మీకు అనవసరం.

8. హెచ్-4లో ఉన్న పిల్లల విషయం

గ్రీన్ కార్డు లేని, తల్లిదండ్రుల హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్-4 వీసాలో ఉన్న విద్యార్థికి ఫెడరల్ గ్రాంటు, రుణం రెండూ దొరకవు. గ్రీన్ కార్డు కోసం తల్లిదండ్రుల కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందినా ఇదే పరిస్థితి. అదే పిల్లవాడు ఇక్కడే పుట్టిన పౌరుడైతే తల్లిదండ్రుల వీసా ఏదైనా అడ్డు కాదు. హెచ్-4 పిల్లలను చాలా ప్రైవేటు కాలేజీలు అంతర్జాతీయ విద్యార్థులుగా చూస్తాయి, అలాంటి విద్యార్థి సహాయం అడిగితే సీటు అవకాశం తగ్గే కాలేజీలు చాలా ఉన్నాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, ఆమ్‌హర్స్ట్‌లలో మాత్రం ఆ తేడా లేదు. సొంత రాష్ట్రంలో ఇన్-స్టేట్ (స్థానికులు కట్టే) ట్యూషన్ హెచ్-4కు వర్తిస్తుందో లేదో పదో తరగతిలోనే విశ్వవిద్యాలయాన్ని అడిగి తెలుసుకోండి. 21 ఏళ్లు నిండేసరికి ఆ హోదా ముగుస్తుంది కాబట్టి ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారే ఏర్పాటూ ఇదే ప్రణాళికలో ఉండాలి.

9. ఆఫర్ వచ్చాక

ఆఫర్ లేఖలో గ్రాంటునూ అప్పునూ కలిపి చూపడం తరచుగా జరుగుతుంది. అప్పును, వర్క్-స్టడీని (విద్యార్థి పని చేసి సంపాదించుకోవాల్సిన సొమ్మును) తీసివేసి అసలు ధర రాసుకోండి. రెండేళ్ల క్రితం ఉన్న ఉద్యోగం ఇప్పుడు లేకపోయినా, ఆ ఏడాది ఒక్కసారికే వచ్చిన బోనస్ లేదా షేర్ల వల్ల ఆదాయం ఎక్కువగా కనిపించినా, పెద్ద వైద్య ఖర్చు వచ్చినా పునఃపరిశీలన కోరవచ్చు. లేఆఫ్ లేఖ, చివరి పే స్టబ్, ప్రస్తుత ఏడాది ఆదాయ అంచనా, బిల్లులు జతచేసి ఒక పేజీకి మించకుండా రాయండి. ఆ కాలేజీతో సరిసమానమైన మరో కాలేజీ ఎక్కువ ఇచ్చి ఉంటే ఆ లేఖను కూడా మర్యాదగా చూపవచ్చు. మే 1 నాటికి నిర్ణయం చెప్పాలి కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలోనే పంపడం మంచిది.

చేరిన తరువాత ఫాఫ్సా, సీఎస్ఎస్ ప్రతి ఏడాదీ మళ్లీ నింపాలి. మొదటి ఏడాది ఏమీ రాలేదని ఆగిపోకండి: రెండో బిడ్డ కాలేజీలో అడుగుపెట్టే సంవత్సరం, సీఎస్ఎస్ అడిగే కాలేజీలో పెద్ద బిడ్డ లెక్క కూడా మారవచ్చు. మొదటి ఏడాది దరఖాస్తు చేయనివారిని తరువాత సహాయానికి అనుమతించని కాలేజీలు కూడా ఉన్నాయి గనుక, ఆ నిబంధన ఏమిటో చేరకముందే ఎయిడ్ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.